గుడియాత్తం దారిలో రెండు అర్జీలు

"సైకిలు మీద ఊళ్లు తిరిగితే ఏం కనిపిస్తుందయ్యా, ఎదురుగాలి తప్ప?" అని సెలవులకు ముందు మా హెడ్మాస్టరుగారు నన్ను ఎకసెక్కమాడారు. వారికి జవాబుగానే ఇది రాస్తున్నాను. ఎదురుగాలి తగిలిన మాట నిజం. అదొక్కటే తగిలిందంటే మాత్రం ఒప్పుకోను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. నాకు రెండు విషయాల్లో గర్వం ఉంది, దాచుకోవడం దేనికి? ఒకటి నా తెలుగు. రెండోది నా సైకిలు. సీమసరుకు, ఆకుపచ్చ రంగు, ముందు డైనమో దీపం, వెనక తోలు సంచి. రోజూ పొద్దున్నే దాన్ని నూనెగుడ్డతో తుడుస్తుంటే మా ఆవిడ, "దానికి దిష్టి కూడా తియ్యమంటారా?" అంటుంది.

కర్నూలు రాజధానిగా మన రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు డిసెంబరులో, కాట్పాడి స్టేషనులో పనిచేస్తున్న మా చెల్లెలి భర్త రమ్మని ఉత్తరం రాశాడు. సైకిల్ని బ్రేకు వానులో ఎక్కించి నేను మూడో తరగతిలో కూర్చున్నాను. కాట్పాడిలో దిగగానే చెల్లెల్ని పలకరించకుండా సైకిలు దగ్గరికి పరుగెత్తానని అది ఇప్పటికీ దెప్పుతోంది.

రాయవేలూరు

కాట్పాడి నుంచి వేలూరికి పాలారు వంతెన దాటి పోవాలి. సగం వంతెన తొక్కాక, "నది ఇంకా ఎంత దూరం?" అని అడిగాను.

"దాని మీదే ఉన్నాం బావగారూ," అన్నాడు పక్కనే తన సైకిలు తొక్కుతున్న మా చెల్లెలి భర్త.

కిందికి చూస్తే కనుచూపు మేర ఇసుక. ఇసుకలో చెలమలు తవ్వి ఆడవాళ్లు చిప్పలతో నీళ్లు తోడి బిందెల్లో పోసుకుంటున్నారు. కృష్ణ కాలవ పక్కన పుట్టినవాణ్ణి కదా, పకపకా నవ్వాను. అవతలి ఒడ్డున దిగి ఒక ముసలమ్మ పోసిన నీళ్లు దోసిట పట్టి తాగాక నవ్వడం మానేశాను. మేము ఇంటి దగ్గర పటిక తిప్పుకుని తాగే నీళ్లకు ఆ తీపి ఏడు జన్మలకూ రాదు.

వేలూరు కోట గురించి అందరూ రాస్తారు. చుట్టూ అగడ్త, నల్లరాతి గోడలు, లోపల మసీదు, చర్చి, గుడి పక్కపక్కనే. గుళ్లోని మండపంలో రాతి స్తంభాల మీద ఎగిరే గుర్రాలను చూసి మెడ నొప్పి పుట్టింది. గర్భగుడిలో మాత్రం దేవుడు లేడు. ఎన్నో ఏళ్లుగా అలాగే ఉందని కావలివాడు చెప్పాడు. అయినా ఒక ఆడమనిషి వాకిట్లో నిలబడి దణ్ణం పెట్టుకుని, విభూతి లేకపోతే గోడ దుమ్మే నుదుట రాసుకుని వెళ్లింది.

బజారులో ఇడ్లీ అర్ధణా, కాఫీ అణాన్నర. కాఫీని ఇక్కడ పెదవి తగలకుండా ఎత్తి పోసుకుంటారు. నేనూ ఎత్తి పోసుకున్నాను. సగం నోట్లోకి, సగం ఖద్దరు లాల్చీ మీదికి పోయింది. సప్లయి చేసే అతను తువ్వాలు తెచ్చిచ్చి, "మొదటి తూరి అందురికీ అట్లే అవుతాది సామీ," అన్నాడు. అరవదేశంలో తెలుగు! లాల్చీ సంగతి మరిచిపోయి అతని చెయ్యి పట్టుకున్నాను. అతను బిత్తరపోయాడు. ఇక్కడ అది పెద్ద విశేషం కాదని నాకు అప్పటికి తెలియదు.

లత్తేరి దారి

రెండో రోజు పొద్దున్నే ఒంటరిగా గుడియాత్తం బయల్దేరాను. ఈ దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండు పక్కలా చింతచెట్లు, వాటి వెనక వేరుశనగ చేలు, చేల వెనక ఎవరో గంపలతో కుమ్మరించినట్టు రాళ్ల గుట్టలు. మోటారు గంటకొకటి వస్తే ఎక్కువ. ఎద్దుబండ్లు మాత్రం దారి నాదే అన్నట్టు నడుస్తాయి. బండివాడు నిద్రపోతుంటే ఎద్దులే నన్ను చూసి పక్కకు జరిగాయి.

లత్తేరి దాటాక ఒక చోట బెల్లం వండుతున్నారు. ఆగి చూస్తుంటే, ఏమీ అడగకుండానే ఒకామె కొబ్బరిచిప్పలో వేడి పాకం పోసి చేతికిచ్చింది. మా ఊళ్లో అయితే ముందు ఊరు, పేరు, గోత్రం అడిగి ఆ తర్వాత పోస్తాం.

అక్కడి నుంచి రెండు మైళ్లు పోయానో లేదో ముందు చక్రానికి తుమ్మముల్లు దిగింది. ఫరవాలేదు, సంచిలో సరంజామా అంతా ఉంది. చెట్టు కింద కూర్చుని టైరు ఊడదీసి అతుకు వేశాను. వేశాక చూస్తే పంపులోంచి గాలి రాదు. ఎంత కొట్టినా పంపు బుస్సుమంటోంది, ట్యూబు మాత్రం కుక్కిన పేనులా పడి ఉంది. చెమటలు కారిపోతున్నాయి. సైకిల్ని తిట్టడానికి నోరు రాక పంపును నానా తిట్లూ తిట్టాను, అదీ పెద్దగానే.

"దాన్ని తిడితే ఏం లాభం సామీ?" అని వెనక నుంచి వినిపించింది. తలపాగా, భుజం మీద పార, యాభై ఏళ్లుంటాయి. "ఇట్లా ఇయ్యండి."

నా చేతిలోంచి పంపు లాక్కుని, మర విప్పి, లోపలి తోలుబిళ్లను బయటికి తీశాడు. అది ఎండి అప్పడంలా ఉంది. పక్కనే కట్టేసి ఉన్న బండి దగ్గరికి పోయి ఇరుసు చమురు కాకుండా వేరే సీసాలోని శనగనూనె రెండు చుక్కలు వేసి, బొటనవేలితో ఆ తోలును అరగంట పిసికాడు, పసిపిల్ల చెవి పట్టుకున్నంత మెత్తగా. మళ్లీ బిగించి నాలుగు దెబ్బలు కొట్టేసరికి టైరు రాయిలా అయింది.

"సైకిలు మాత్రం రొంబ జోరుగా తుడిచి పెట్టినారు," అన్నాడు. "లోపలిది చూసుకోలేదు."

అంత మాట ఇంకెవరన్నా అని ఉంటే పోట్లాడేవాణ్ణే. కానీ నిజం కదా, నోరు మూసుకున్నాను. ఆయన పేరు మునుసామి నాయుడు. అక్కడికి మైలు దూరంలో ఊరు, అయిదెకరాల చెనిక్కాయల చేను, అంటే మన వేరుశనగే. తాతల నాటి నుంచి అక్కడే. నేను తెలుగు పండితుణ్ణని చెప్పగానే ఆయన పారను భుజం మీద నుంచి దింపేశాడు.

"అయ్యోరా! తెలుగు అయ్యోరా మీరు? సాయంత్రం దాకా మిమ్మల్ని వదలను. రండి ఇంటికి."

చెంగమ్మగారి ఉత్తరాలు

ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఆఫీసుల్లో ఎవరికైనా మాట వస్తుందేమోనని భయం. నలభై గడప ఉంటుంది. ఊరంతా మాట్లాడేది తెలుగే. కానీ ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. కొట్టు మీద బోర్డు, భూమి పత్రాలు, పెళ్లి శుభలేఖ, అన్నీ అరవ లిపిలోనే. శుభలేఖలో మాటలు తెలుగు, అక్షరాలు అరవం! నేను నోరెళ్లబెట్టాను.

నాయుడిగారింట్లో రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి అనే రోటిపచ్చడి పెట్టారు. నేను సంగటిని నమలడం మొదలుపెట్టాను. అది ఎంతకీ తెగదు. ఇంటిల్లిపాదీ ముఖాలు తిప్పుకుని నవ్వుతున్నారు. నాయుడిగారి అక్క చెంగమ్మగారు చివరికి, "నమలొద్దు నాయనా, ముంచి మింగేయాల," అని చెప్పింది. మింగాను. రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాను.

చెయ్యి కడుక్కున్నానో లేదో చెంగమ్మగారు గుడ్డమూట తెచ్చి నా ముందు పెట్టింది. అందులో మూడు ఉత్తరాలు. కూతుర్ని కొండ అవతల పలమనేరులో ఇచ్చింది. అల్లుడు తెలుగు చదువుకున్నవాడు కనుక ఉత్తరాలు తెలుగులోనే వస్తాయి. ఇదివరకు ఊరి బళ్లో తెలుగు అయ్యవారుండేవాడు, ఆయన చదివి చెప్పేవాడు. మన రాష్ట్రం వచ్చిందని ఆయన సంతోషంగా చిత్తూరు వైపు బదిలీ చేయించుకుని పోయాడు. రాష్ట్రం వచ్చిన ఆ రోజు మేము తెనాలిలో మిఠాయిలు పంచుకున్నాం.

"గుడియాత్తంలో ఎవురితో అన్నా చదివించుకోవచ్చు గదమ్మా?" అన్నాను, వాళ్లలా మాట్లాడబోయి.

"ఇంటి మాటలు అంగట్లో చదివిస్తామా నాయనా?" అంది.

మొదటి ఉత్తరంలో కూతురికి ఏడో నెల, పుట్టింటికి తీసుకుపొమ్మని. రెండోదానిలో ఎందుకు రాలేదని, కోపమా అని. మూడోదానిలో ఆడపిల్ల పుట్టింది, నీ పేరే పెట్టుకున్నాం అని. పైకి చదవలేక రెండుసార్లు దగ్గాను. చెంగమ్మగారు నా చేతిలోని కాగితాలు మెల్లగా తీసుకుని మళ్లీ మూటకట్టింది. "అది ఏడ్చి ఉంటాది, అమ్మ రాలేదే అని," అంది. లేచి గోడ వైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు నాయుడు అసలు విషయం చెప్పాడు. అయ్యవారి ఉద్యోగం ఖాళీగా ఉంది. తెలుగు కావాలని తల్లిదండ్రులు రాసిస్తే కొత్త అయ్యవారిని వేస్తామని వేలూరు బడుల అధికారి కబురు పంపాడు. ఈ నెలాఖరులోగా ఇవ్వాలి, లేకపోతే ఆ ఉద్యోగం వేరే ఊరికి పోతుంది. నెలాఖరుకు ఇంకా మూడు రోజులున్నాయి.

"అర్జీ రాసినారా?"

"రాసినాము," అని గూట్లోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. ఒక పక్కంతా అరవ అక్షరాలు. నాకు ఒక్కటీ రాదు.

"తెలుగు అయ్యవారు కావాలని అరవంలో రాశారా!"

"అరవం కాదు అయ్యోరా, తెలుగే. అక్షరాలే అవి. మాకు ఆ అక్షరాలే గదా వచ్చేది."

నేను తల పట్టుకున్నాను. "దీన్ని చూసి ఆఫీసులో నవ్వుతారండీ. ఇటివ్వండి, నేను రాస్తాను. ఎలాంటి అర్జీ రాస్తానో చూడండి," అన్నాను.

గుడియాత్తం

రాత్రి నాయుడిగారింట్లోనే పడుకుని, మూడో రోజు పొద్దున్నే గుడియాత్తం తొక్కాను. ఊరి నడుమ కౌండిన్య ఏరు, అందులోనూ ఇసుకే. వీధి వీధినా మగ్గాల చప్పుడు. లుంగీల నూలుకు రంగువేసి గోడల పొడుగునా ఆరేశారు, పచ్చ, నీలం, ఎరుపు. రంగు నీళ్లు మురిక్కాలవలో పడి అదీ పచ్చగా పారుతోంది. ఒక నేతగాడు నా సైకిలు చూసి, నేను అతని మగ్గం చూసి, ఒకరినొకరు చాలాసేపు మెచ్చుకున్నాం.

మంచి తెల్లకాగితం కొని, కాఫీ హోటలు బల్ల మీద కూర్చుని రాశాను. ఎలా రాశాననుకున్నారు! "మహారాజశ్రీ విద్యాధికారివారి దివ్యసముఖమునకు" అని ఎత్తుకుని, "ఆంధ్ర రాష్ట్రమవతరించిన యీ శుభసమయమున, ఆంధ్రమాత ముద్దుబిడ్డలమగు మేము" అని అందుకుని, రెండు పుటలు నింపాను. ముగించేసరికి నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. సైకిలు మీద తిరిగొస్తూ ఎదురుగాలిలో కూడా దాన్ని గట్టిగా చదువుకున్నాను.

సాయంత్రం ఊరివాళ్లను కూర్చోబెట్టి చదివాను. అందరూ మర్యాదగా విన్నారు.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుండాది," అంది చెంగమ్మగారు. "ఇది ఎవురు మాట్లాడేది నాయనా?"

"మీరేనమ్మా!"

"మేమా?" అంది ఆమె. పెద్దవాడు శ్రమపడి రాశాడు, కాదనడం ఎందుకనుకున్నారేమో, అందరూ అరవంలో సంతకాలు పెట్టారు. చెంగమ్మగారు కూడా మనవరాలి తరఫున పెట్టింది.

మళ్లీ వేలూరు

నాలుగో రోజు తెల్లారగట్టే నాయుడు తన పాత సైకిలు మీద, నేను నా సీమసైకిలు మీద బయల్దేరాం. ఆయన సైకిలుకు బ్రేకులు లేవు, మడమతో ఆపుతాడు. అయినా నాకంటే ముందే పోయాడు. చెంగమ్మగారు బస్సులో వచ్చి మా కోసం ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది.

అధికారి తమిళుడు, పెద్దవయసువాడు, కళ్లద్దాలు. మాట మెత్తనే. నా అర్జీ ఆయనకు చదవడం రాదు కాబట్టి, పక్క గదిలోంచి తెలుగు తెలిసిన గుమాస్తాను పిలిచాడు. గుమాస్తా నా వాక్యాలను ఒక్కొక్కటే తమిళంలో చెప్తున్నాడు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. "ఆంధ్ర రాష్ట్రమవతరించిన" దగ్గర అధికారి చెయ్యెత్తి ఆపాడు. ముఖం మారిపోయింది.

"ఇది ఎవరు రాశారు?"

నేనే అన్నాను. ఏ ఊరు అన్నాడు. తెనాలి అన్నాను.

"మీరు అడిగేది అయ్యవారినా, సరిహద్దునా?" అన్నాడు. ఆయన అన్నది గుమాస్తా తెలుగులో చెప్పాడు, తల దించుకుని.

అప్పటికి ఎల్లల గొడవ ఇంకా తెగలేదు. ఏ ఊరు ఎవరిదని రెండు వైపులా ఊరేగింపులు జరుగుతున్న రోజులు. బయటి నుంచి ఎవడో సైకిలు మీద వచ్చి, పల్లెవాళ్ల చేత సంతకాలు పెట్టించాడు. ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి. అధికారి కాగితం మడిచి పక్కన పెట్టి, దీని మీద విచారణ చేయాలి, నెలాఖరులోగా కాదు అన్నాడు. నాయుడు తలపాగా తీసి చేతిలో నలుపుతున్నాడు. ఆ ముసలితల్లికి ఇంకెన్ని ఉత్తరాలు మూటలో ఉండిపోతాయో, అది నా ఘనత! నా బుద్ధి గడ్డి తిన్నదని అప్పుడు ఒప్పుకున్నాను, తెలుగులో, గ్రాంథికం కాని తెలుగులో.

చెంగమ్మగారు కదిలింది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ఊరివాళ్లు రాసుకున్న పాత అర్జీ. మాకు చెప్పకుండా తెచ్చింది.

"ఇది చూడండి సామీ," అని బల్ల మీద పెట్టింది. "అది అయ్యోరు మాకోసం రాసినాడు. ఇది మేం రాసుకున్నాం."

అధికారి అరవ అక్షరాలు చూసి ముఖం కొంచెం సడలించి, చదవడం మొదలుపెట్టాడు, పైకే. రెండు మాటలు చదివి ఆగాడు. కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఒకటో తరగతి పిల్లవాడిలా. ఆయన నోట్లోంచి వస్తున్నది నాకు అర్థమవుతోంది! ఆయనకే అర్థం కావడం లేదు. నాయుడు గుడ్లప్పగించి చూస్తున్నాడు. గుమాస్తా నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. ఆయన ఆపలేదు, చివరి దాకా చదివాడు. ఆ గదిలో నేను విన్నది ఇది:

"అయ్యా, మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాము. మా బిడ్డలూ అదే మాట్లాడతారు. ముందు మా ఊళ్లో తెలుగు అయ్యోరు ఉండె. ఆయన పోయినాడు. ఇప్పుడు జాబు వస్తే చదివే మనిషి లేదు. అరవం మాకు కూడు పెట్టింది. దానిమింద మాకు కోపం లేదు. బిడ్డలు అరవం చదవాల. తెలుగు గూడా చదవాల. ఒక అయ్యోరిని పంపించండి."

ఎన్ని వేల వాక్యాలు దిద్దానో లెక్కలేదు. అందులో ఒక్క అక్షరం దిద్దడానికి నా చెయ్యి లేచేది కాదు. నా తెలుగుకు నేను ఎంత గర్వపడ్డానో చెప్పాను కదా, ఆ పూట ఈ తెలుగును చూసి అంతకు పదింతలు గర్వపడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

అధికారి కాగితం కింద పెట్టి గుమాస్తాను అర్థం చెప్పమన్నాడు. అతను చెప్పాడు. అరవం కూడు పెట్టిందన్న మాట దగ్గర, అధికారి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాడు. అధికారి చెంగమ్మగారి వైపు తిరిగాడు.

"నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చదువుతున్న అక్షరాలు," అన్నాడు నెమ్మదిగా, గుమాస్తా మాకు తెలుగులో చెప్తుండగా. "మొత్తం చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. వీళ్లది తమిళం కాదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? దీని మీద విచారణ ఎందుకు?"

ఆ తర్వాత కింద సంతకాలను పేరుపేరునా చదివాడు. ఒక్కో పేరుకీ నాయుడు, "ఇద్దురు బిడ్డలు సామీ," "వాడికి ఒక ఆడబిడ్డ," అని చెప్తుంటే గుమాస్తా రాసుకున్నాడు. చెంగమ్మగారి పేరు వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడింది. బళ్లో హాజరు పిలిచినట్టు, "ఉండా," అంది. అధికారి తల పైకెత్తి మొదటిసారి నవ్వాడు. అర్జీ మీద ఎర్రసిరాతో నాలుగు వరసలు రాసి సంతకం పెట్టాడు. కొత్త అయ్యవారు జనవరిలో వస్తాడని గుమాస్తా చెప్పగానే నాయుడు తలపాగా చుట్టుకోవడం మరిచిపోయి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

మేము బయటికి వస్తుంటే అధికారి నన్ను వెనక్కి పిలిచాడు. ఊరివాళ్ల కాగితాన్ని ఫైల్లో పెట్టి, నా రెండు పుటల తెల్లకాగితాన్ని నా చేతికిచ్చాడు. ఇరవై ఏళ్లుగా పిల్లల వ్యాసాలు తిరిగిచ్చేవాణ్ణి నేను. మొదటిసారి నా వ్యాసం నాకు తిరిగొచ్చింది. రెండు చేతులతో అందుకున్నాను.